సర్వర్ ఫైళ్లకు చోటు: హోమ్‌లోనా, వార్‌లోనా, ఎస్ఆర్‌వీలోనా?

కొత్తగా లినక్స్ సర్వర్ పెట్టుకున్నవాళ్లలో చాలామంది ఫైళ్లను హోమ్ ఫోల్డర్‌లోనే ఉంచేస్తారు. లాగిన్ కాగానే కనిపించేది అదే, సూడో (అడ్మిన్ హక్కు తెచ్చే కమాండ్) లేకుండా రాయనిచ్చేదీ అదే. ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ కాన్ఫిగ్‌లో రూట్ అన్న చోట /హోమ్/రాము/సైట్ అని రాసి బ్రౌజర్ తెరుస్తారు. 403 ఫర్బిడెన్ అని వస్తుంది. ఎర్రర్ లాగ్ చూస్తే 13వ నంబరు ఎర్రర్, పర్మిషన్ డినైడ్. నెట్‌లో వెతికితే మొదట దొరికే సలహా సీహెచ్‌మాడ్ 777, అంటే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చెయ్యడం. సైట్ ఫోల్డర్‌కు అది కొట్టినా 403 అలాగే ఉంటుంది.

తాళం ఉన్నది సైట్ ఫోల్డర్‌కు కాదు, దాని పైన ఉన్న రాము ఫోల్డర్‌కు. లినక్స్‌లో ఒక ఫైల్ చదవాలంటే దారిలో ఉన్న ప్రతి డైరెక్టరీలోంచీ దాటిపోయే హక్కు, అంటే ఎక్స్ బిట్, ఉండాలి. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్ 750తో, అంటే సొంతదారుకు, గ్రూపుకు తప్ప బయటివాళ్లకు ఏ హక్కూ లేకుండా, తయారవుతోంది. రెడ్ హ్యాట్ కుటుంబంలో 700, సొంతదారుకు మాత్రమే. వెబ్ సర్వర్ నడిచేది వేరే యూజర్ పేరుతో కాబట్టి వీధి గేటు దగ్గరే ఆగిపోతుంది. లోపల గది తలుపులు బార్లా తెరిచిపెట్టి ఏం లాభం? నేమ్‌ఐ అనే కమాండ్‌కు -ఎల్ తగిలించి పూర్తి దారి ఇస్తే, పై నుంచి కింది దాకా ఒక్కో మెట్టు ఎవరిదో, దాని పర్మిషన్ ఏమిటో వరసగా చూపిస్తుంది. 403 వచ్చినప్పుడు 777 కన్నా ముందు కొట్టాల్సింది ఇది.

హోమ్‌కు అదర్స్ (మిగతా అందరి) ఎక్స్ బిట్ ఇస్తే పని జరుగుతుంది, నిజమే. కానీ ఆ ఇంట్లో మామూలుగా 644తో, అంటే అందరూ చదవగలిగేలా, పడి ఉన్న ఫైళ్ల పేర్లు తెలిసిన ప్రతి సర్వీసూ వాటిని చదవగలుగుతుంది. పైగా అది మొదటి తాళమే. సర్వీసులను లేపే సిస్టమ్‌డీకి ఒక్కో సర్వీసు గురించి చెప్పే యూనిట్ ఫైల్‌లో ప్రొటెక్ట్‌హోమ్ అనే లైన్ ఉంటే ఆ సర్వీసుకు /హోమ్ ఖాళీగా కనిపిస్తుంది, పర్మిషన్లు ఎలా ఉన్నా సరే. మరియాడీబీ డేటాబేస్ యూనిట్‌లో ఈ లైన్ ముందే ఉంటుంది. డేటా డైరెక్టరీని హోమ్‌కు మార్చి, డేటాబేస్ లేవక జుట్టు పీక్కునేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఎస్‌ఈలినక్స్ అనే అదనపు భద్రతా పొర ఉన్న చోట అపాచీ, ఎంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్లు హోమ్ ఫోల్డర్లు చదవాలంటే ఒక బూలియన్ (ఆన్, ఆఫ్ స్విచ్) విడిగా ఆన్ చెయ్యాలి. డిఫాల్ట్‌గా అది ఆఫ్. ఇన్ని తాళాలు ఒకే వైపు చూపిస్తున్నాయి: లినక్స్ దృష్టిలో హోమ్ మనిషిది, సర్వీసుది కాదు.

ఫైల్ ఎక్కడ ఉండాలన్న ప్రశ్నను ఇలాగే అడగాలి: ఈ ఫైల్ ఎవరిది? /యూఎస్ఆర్‌లో ఉన్నదంతా ప్యాకేజీ మేనేజర్ సొత్తు. /వార్/లిబ్‌లో ఉన్నది ఆయా ప్రోగ్రాములు తమ కోసం రాసుకున్నది, దాని లోపలి అమరిక వాటికే తెలుసు. /హోమ్ మనుషులది. ఈ యంత్రం బయటివాళ్లకు వడ్డించే సరుకు, అంటే అడ్మిన్ తెచ్చి పెట్టిన వెబ్‌సైట్, ఎఫ్‌టీపీ ఫైళ్లు, వీడియోలు, గిట్ రిపోజిటరీలు, పై మూడింటిలో దేనికీ చెందదు. ఆ లోటు పూడ్చడానికే /ఎస్ఆర్‌వీ వచ్చింది. లినక్స్ ఫైల్ అమరికకు ప్రమాణం 1994లోనే మొదలైనా, ఎఫ్‌హెచ్‌ఎస్ పేరుతో నడుస్తున్న ఆ పత్రంలోకి /ఎస్ఆర్‌వీ, /మీడియా ఎక్కింది 2004 జనవరిలో, 2.3 వెర్షన్‌తో. 2015లో వచ్చిన 3.0 కూడా దాన్ని అలాగే ఉంచింది.

ఆ పత్రంలో ఒక చిత్రమైన మాట ఉంది. /ఎస్ఆర్‌వీ లోపల ఫోల్డర్లకు ఏ పేర్లు పెట్టాలో నిర్ణయించడం లేదు, ఏకాభిప్రాయం లేదు కాబట్టి, అని రాసుకున్నారు. ఏ ప్రోగ్రామూ అక్కడ ఫలానా ఫోల్డర్ ఉంటుందని నమ్ముకోకూడదట. అడ్మిన్ పెట్టిన ఫైళ్లను అనుమతి లేకుండా డిస్ట్రిబ్యూషన్ తొలగించకూడదట. తేల్చకుండా వదిలేసినట్టు కనిపించే ఈ మాటలోనే అసలు విలువ ఉంది. మొత్తం సిస్టమ్‌లో ప్యాకేజీలు వేలు పెట్టబోమని మాటిచ్చిన చోట్లు కొన్నే. సర్వర్ సరుకు కోసమని ఆ మాట ఇచ్చిన చోటు ఇదొక్కటే.

ఏకాభిప్రాయం లేకపోవడం వల్ల ఒక్కో డిస్ట్రో ఒక్కో దారి పట్టింది. ఓపెన్‌సూసే /ఎస్ఆర్‌వీ/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ/హెచ్‌టీడాక్స్ అంటుంది, ఆర్చ్ /ఎస్ఆర్‌వీ/హెచ్‌టీటీపీ అంటుంది. డెబియన్, ఉబుంటు, ఫెడోరాల్లో అపాచీ /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ/హెచ్‌టీఎమ్‌ఎల్ నుంచి వడ్డిస్తుంది. అదే డెబియన్‌లో టీఎఫ్‌టీపీ సర్వర్ మాత్రం /ఎస్ఆర్‌వీ/టీఎఫ్‌టీపీ వాడుతుంది.

డెబియన్ 7 దాకా చివర ఆ హెచ్‌టీఎమ్‌ఎల్ మెట్టు లేదు. పైనున్న వెబ్ ఫోల్డరే నేరుగా డిఫాల్ట్ సైట్ రూట్. దాని ఫలితం చాలామంది గమనించలేదు: అక్కడే రెండో సైట్ కోసం ఇంకో ఫోల్డర్ పెడితే, అది తన సొంత డొమైన్‌లోనే కాక డిఫాల్ట్ సైట్ అడ్రస్ చివర ఫోల్డర్ పేరు తగిలించినా తెరుచుకునేది. పాత సర్వర్ కాన్ఫిగ్‌ను యథాతథంగా మోసుకొచ్చినవాళ్ల దగ్గర ఈ కన్నం నేటికీ ఉండొచ్చు.

ఎంజిన్‌ఎక్స్‌తో ఇంకో చిక్కు. ఫెడోరా ప్యాకేజీ, ఎంజిన్‌ఎక్స్ వాళ్ల సొంత ప్యాకేజీ చూపించే డిఫాల్ట్ ఫోల్డర్ /యూఎస్ఆర్/షేర్/ఎంజిన్‌ఎక్స్/హెచ్‌టీఎమ్‌ఎల్. అక్కడి ఇండెక్స్ పేజీని మార్చి అదే తన సైట్ అనుకుంటే, తర్వాతి అప్‌డేట్ రోజు మళ్లీ "వెల్‌కమ్ టు ఎంజిన్‌ఎక్స్" ప్రత్యక్షం. తప్పు అప్‌డేట్‌ది కాదు. ప్యాకేజీ తన ఫైల్‌ను తాను మళ్లీ పెట్టుకుంది.

మరి వార్ కింది వెబ్ ఫోల్డర్ వాడితే తప్పా? ఒకటే సైట్, ఒకటే డిస్క్, డిస్ట్రో ఇచ్చిన కాన్ఫిగ్ అయితే అక్కడే ఉంచడం తెలివైన పని, ఎందుకంటే అనుమతులన్నీ ఆ దారికి ముందే రాసి ఉంటాయి. డెబియన్ అపాచీ ప్రధాన కాన్ఫిగ్‌లో రూట్ డైరెక్టరీకి అందరికీ నో అని రాసి, /యూఎస్ఆర్/షేర్‌కు, వార్ వెబ్ ఫోల్డర్‌కు మాత్రం అనుమతి ఇస్తారు. /ఎస్ఆర్‌వీ బ్లాక్ కూడా అక్కడే ఉంటుంది, కాకపోతే ప్రతి లైన్ ముందూ హ్యాష్ గుర్తుతో నిద్రపోతూ. ఆ గుర్తులు తీయకుండా, సైట్ కాన్ఫిగ్‌లో వేరే అనుమతీ ఇవ్వకుండా సైట్‌ను అక్కడికి మారిస్తే లాగ్‌లో ఏహెచ్01630 కనిపిస్తుంది: సర్వర్ కాన్ఫిగరేషనే వద్దంది అని అర్థం. ఏహెచ్00035 అయితే దారిలో ఎక్స్ బిట్ లేదని. బ్రౌజర్‌లో రెండూ 403గానే కనిపిస్తాయి, మందు మాత్రం వేర్వేరు.

రెండో సైట్ వచ్చినప్పుడు, పెద్ద డిస్క్ చేరినప్పుడు, ఒకే ఫోల్డర్‌ను సాంబా (విండోస్ తరహా ఫైల్ షేరింగ్), వెబ్ రెండూ చూడాల్సినప్పుడు వార్‌లో ఉండటం ఇబ్బంది అవుతుంది. లాగ్‌లు, ప్యాకేజీ కాష్, డేటాబేస్, డాకర్ ఇమేజీలు అన్నీ అదే వార్‌లో పెరుగుతూ ఉంటాయి. ఏది నిండినా మిగతావాటికి ఊపిరాడదు. బ్యాకప్ తీసేటప్పుడు ఏది కావాలి, ఏది చెత్త అని ఏరుకోవాలి. /ఎస్ఆర్‌వీ అయితే ఏరడం ఉండదు, మొత్తం తీసుకోవడమే.

స్నాప్‌షాట్ల (ఒక క్షణంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో దాచుకున్న ప్రతుల) సంగతి ఇంకా ముఖ్యం. ఓపెన్‌సూసే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌తో ఇన్‌స్టాల్ అయినప్పుడు /ఎస్ఆర్‌వీ, /హోమ్, /వార్ లాంటివి వేరే సబ్‌వాల్యూమ్‌లుగా, అంటే విడివిడిగా స్నాప్‌షాట్ తీయగలిగే భాగాలుగా, వస్తాయి. సిస్టమ్‌ను నిన్నటి స్నాప్‌షాట్‌కు వెనక్కి తిప్పినా ఇవాళ అప్‌లోడ్ అయిన ఫైళ్లు భద్రం. ఉబుంటు తరహా అమరికలో ఉండేవి రెండే, ఒకటి రూట్‌కు, ఒకటి హోమ్‌కు. అక్కడ /ఎస్ఆర్‌వీ రూట్‌లో భాగం. చెడిన అప్‌డేట్‌ను సరిదిద్దడానికి టైమ్‌షిఫ్ట్ అనే స్నాప్‌షాట్ టూల్‌తో వెనక్కి వెళ్తే, సైట్‌లోకి మధ్యలో వచ్చిన ఫైళ్లు కూడా వెనక్కి పోతాయి. కాబట్టి సరుకు పెట్టకముందే /ఎస్ఆర్‌వీకి సొంత సబ్‌వాల్యూమ్ గానీ, పార్టిషన్ గానీ చేసి ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అప్పుడు ఏ డిస్క్ ఎక్కడ ఎక్కాలో చెప్పే ఫైల్‌లో) రాసుకోవాలి.

ఎన్‌ఎఫ్‌ఎస్‌తో నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచేవాళ్లకు విడి పార్టిషన్ సౌకర్యం మాత్రమే కాదు, భద్రత కూడా. పెద్ద ఫైల్‌సిస్టమ్‌లో ఒక ఫోల్డర్‌ను మాత్రమే ఎక్స్‌పోర్ట్ చేస్తే, ఫైల్ హ్యాండిల్‌ను (ఫైల్‌ను గుర్తించే సంకేతాన్ని) ఊహించగలిగిన క్లయింట్ అదే ఫైల్‌సిస్టమ్‌లోని మిగతా ఫైళ్లనూ అందుకునే వీలుంది. అడిగిన ఫైల్ ఆ ఫోల్డర్‌లోదేనా అని చూసే సబ్‌ట్రీ చెక్ దీన్ని ఆపుతుంది గానీ, అది తెచ్చే ఇబ్బందుల వల్ల ఇప్పుడు డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. గోడ కావాలంటే ఫైల్‌సిస్టమే గోడ.

లోపలి అమరికకు ప్రమాణంలోనే రెండు నమూనాలు ఉన్నాయి. ఒకటి ప్రోటోకాల్ వారీగా: వెబ్‌కు ఒకటి, ఎఫ్‌టీపీకి ఒకటి, ఆర్‌సింక్‌కు ఒకటి. రెండోది సొంతదారు వారీగా: ఫిజిక్స్ విభాగం పేరుతో ఫోల్డర్, దాని కింద వెబ్. ఒక్క మనిషి సర్వర్‌కు కూడా రెండోదే మేలు. ఒక సైట్‌ను వేరే యంత్రానికి తరలించాల్సిన రోజు ఒక్క ఫోల్డర్ ఎత్తితే సరిపోతుంది. పైగా ఎస్‌ఈలినక్స్ నియమాలు ఈ నమూనాకు అచ్చంగా సరిపోయేలా రాసి ఉన్నాయి: /ఎస్ఆర్‌వీ కింద నేరుగా గానీ, మధ్యలో ఒక్క మెట్టు ఉండి గానీ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ అన్న పేరుతో డైరెక్టరీ కనిపిస్తే వెబ్ లేబుల్ (వెబ్ సర్వర్ చదవొచ్చని ఎస్‌ఈలినక్స్ వేసే గుర్తు) దానికదే వస్తుంది. అదే ఫోల్డర్‌కు పబ్లిక్ అనో సైట్ అనో పేరు పెడితే రాదు. అప్పుడు ఎస్‌ఈమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో నియమం రాసి, రీస్టోర్‌కాన్‌కు -ఆర్‌వీ పెట్టి నడపాలి. సీహెచ్‌కాన్‌తో అంటించిన లేబుల్ సిస్టమ్ మళ్లీ లేబుల్ చేసుకున్న రోజు ఊడిపోతుంది.

లేబుల్ విషయంలో అందరూ పడే గొయ్యి ఒకటి. హోమ్‌లో తయారుచేసిన ఫైల్‌ను ఎంవీతో తెస్తే హోమ్ లేబుల్‌తోనే వస్తుంది. సీపీతో తెస్తే కొత్త చోటు లేబుల్ తీసుకుంటుంది. అందుకే ఒకే ఫోల్డర్‌లో, ఒకే పర్మిషన్లతో ఉన్న రెండు ఫైళ్లలో ఒకటి తెరుచుకుని ఇంకోటి 403 ఇస్తుంది. ఎల్‌ఎస్‌కు పెద్ద జెడ్ తగిలిస్తే తేడా బయటపడుతుంది. రీస్టోర్‌కాన్ ఒక్కసారి కొడితే సరి.

ఇక పర్మిషన్లు. సైట్ కోడ్‌కు సొంతదారు వెబ్ సర్వర్ యూజర్ కాకూడదు. ఇది చాలా గైడ్‌లు తలకిందులుగా చెప్పే విషయం. మొత్తం ఫోల్డర్‌ను డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా పేరుకు రాసిచ్చేస్తే, పీహెచ్‌పీలో ఒక్క కన్నం దొరికినవాడు సైట్ కోడ్‌నే తిరగరాస్తాడు. డిప్లాయ్ చేసే (కోడ్ తెచ్చి పెట్టే) యూజర్ సొంతదారుగా, వెబ్ సర్వర్ గ్రూపుగా, డైరెక్టరీలు 750, ఫైళ్లు 640. రాసే హక్కు అప్‌లోడ్ల ఫోల్డర్‌కు మాత్రమే, అక్కడ పీహెచ్‌పీ నడవకుండా సర్వర్ కాన్ఫిగ్‌లో ఒక లైన్. ఇద్దరు ముగ్గురు కలిసి ఫైళ్లు పెట్టే ఫోల్డర్ అయితే 2775: ముందున్న 2 వల్ల లోపల తయారయ్యే ప్రతిదీ ఫోల్డర్ గ్రూపునే తీసుకుంటుంది. కొత్త ఫైళ్ల హక్కులు కత్తిరించే యూమాస్క్ 022 అయితే గ్రూపు కుదిరినా రాసే హక్కు రాదు. దానికి సెట్‌ఎఫ్‌ఏసీఎల్‌తో డిఫాల్ట్ ఏసీఎల్ (అదనపు అనుమతుల జాబితా) పెట్టడం ఉత్తమం. ఎస్‌ఎఫ్‌టీపీ క్రూట్ కట్టేవాళ్లు, అంటే యూజర్‌ను ఒక్క ఫోల్డర్‌లోనే బంధించేవాళ్లు, ఇంకోటి గుర్తుంచుకోవాలి: క్రూట్ డైరెక్టరీ, దాని పైమెట్లు అన్నీ రూట్ యూజర్ సొత్తై ఉండాలి, వేరేవాళ్లకు రాసే హక్కు ఉండకూడదు. లేకుంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ తెంపేస్తుంది. రాయడానికి లోపల అప్‌లోడ్ అని ఒక ఫోల్డర్ చేసి అది ఇవ్వాలి.

ఇంట్లో పాత డెస్క్‌టాప్‌ను సర్వర్ చేసి, పెళ్లి వీడియోలున్న 4 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ పెట్టుకునేవాళ్లు వేరే గోడను గుద్దుకుంటారు. డెస్క్‌టాప్‌లో డిస్క్ పెట్టగానే ఉబుంటు దాన్ని /మీడియా/రాము కింద, ఫెడోరా /రన్/మీడియా/రాము కింద ఎక్కిస్తుంది (మౌంట్ చేస్తుంది). ఆ రాము ఫోల్డర్ లాగిన్ అయిన మనిషికి మాత్రమే తెరుచుకుంటుంది. జెల్లీఫిన్ వేరే యూజర్ కాబట్టి దానికి లైబ్రరీ ఖాళీ. ఎవరూ లాగిన్ కాకపోతే అసలు డిస్కే ఎక్కదు. /ఎమ్‌ఎన్‌టీ అడ్మిన్ చేత్తో కాసేపు ఎక్కించుకోవడానికి. శాశ్వతంగా వడ్డించే డిస్క్‌కు /ఎస్ఆర్‌వీ/వీడియోలు లాంటి చోటు ఇచ్చి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీతో, అంటే మారని సొంత గుర్తింపుతో, రాయాలి. యూఎస్‌బీ డిస్క్ ఇవాళ ఎస్‌డీబీ అయితే రేపు ఎస్‌డీసీ కావచ్చు.

ఆ లైన్‌లో నోఫెయిల్, అంటే డిస్క్ లేకున్నా బూట్ ఆగొద్దనే ఆప్షన్, తప్పనిసరి. అది లేకుండా, కేబుల్ ఊడిన డిస్క్‌తో సర్వర్ రీబూట్ అయితే, సిస్టమ్‌డీ 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. అక్కడ ఎస్‌ఎస్‌హెచ్ ఉండదు, అటక మీది సర్వర్‌కు మానిటర్ మోసుకెళ్లాల్సిందే. కానీ నోఫెయిల్ పెడితే ఇంకో ప్రమాదం మొదలవుతుంది. డిస్క్ ఎక్కకపోయినా ఫోల్డర్ మాత్రం ఉంటుంది, ఖాళీగా. సర్వీసు దాన్నే నిజమనుకుని డౌన్‌లోడ్లన్నీ రూట్ డిస్క్‌లో కుమ్మరిస్తుంది. తర్వాత డిస్క్ ఎక్కినప్పుడు ఆ ఫైళ్లు దాని కింద దాగిపోతాయి. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ రూట్ నిండిందంటుంది, ఫైళ్ల సైజు లెక్కించే డీయూకు ఏమీ దొరకదు. దీనికి రెండు కట్లు వెయ్యాలి. డిస్క్ దించి ఉన్నప్పుడు ఖాళీ ఫోల్డర్‌కు సీహెచ్‌అట్టర్ +ఐ కొడితే, డిస్క్ లేనప్పుడు రూట్ యూజర్ కూడా అందులో రాయలేడు. మౌంట్ మాత్రం మామూలుగానే అవుతుంది. రెండోది, సర్వీసు యూనిట్‌లో రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అని ఆ దారి రాస్తే, డిస్క్ ఎక్కనిదే సర్వీసు లేవదు.

ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటు రూట్ యూజర్ కోసం పక్కన పెడుతుంది. 4 టీబీకి అది 200 జీబీ. సరుకు మాత్రమే ఉండే డిస్క్‌కు అంత అక్కర్లేదు, ట్యూన్2ఎఫ్‌ఎస్‌కు -ఎమ్ 1 ఇస్తే చాలు. డిస్క్ విండోస్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానే ఉంటే సీహెచ్‌మాడ్, చౌన్‌లతో కుస్తీ పట్టకుండా యూఐడీ, జీఐడీ, మాస్క్‌లు మౌంట్ ఆప్షన్లలోనే ఇవ్వడం తేలిక.

చోటు మార్చినా చోటు చాలదనే ఫిర్యాదు కొన్నిసార్లు పోదు, ఎందుకంటే అప్‌లోడ్ నేరుగా గమ్యానికి చేరదు. ఎంజిన్‌ఎక్స్ పెద్ద అప్‌లోడ్‌ను ముందు తన తాత్కాలిక ఫోల్డర్‌లో, డెబియన్‌లో అయితే /వార్/లిబ్/ఎంజిన్‌ఎక్స్ కింద, దింపుకుంటుంది. పీహెచ్‌పీ దాన్ని మళ్లీ టెంప్‌లో పెడుతుంది. ఆ తర్వాతే /ఎస్ఆర్‌వీకి చేరుతుంది. 6 జీబీ వీడియో ఎక్కిస్తే రూట్ డిస్క్ నిండిపోయేది ఇందుకే. రెండు తాత్కాలిక దారులనూ గమ్యం ఉన్న డిస్క్‌కే, సైట్ రూట్‌కు బయట, మార్చాలి. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో ఉంటే చివరి మెట్టు పేరు మార్పుతో క్షణంలో అయిపోతుంది, వేరైతే మళ్లీ పూర్తి కాపీ. డౌన్‌లోడ్ ఫోల్డర్, లైబ్రరీ ఫోల్డర్ ఒకే ఫైల్‌సిస్టమ్‌లో ఉండాలనేదీ ఇదే లెక్క: హార్డ్‌లింక్ (ఒకే ఫైల్‌కు రెండో పేరు) ఫైల్‌సిస్టమ్ దాటదు.

ప్రోగ్రాములను కంటైనర్లలో నడిపే డాకర్ వాడేవాళ్లు సరుకును /వార్/లిబ్/డాకర్ లోపలి వాల్యూమ్‌లలో కాక /ఎస్ఆర్‌వీ నుంచి బైండ్ చేసుకుంటే (ఆ ఫోల్డర్‌నే కంటైనర్‌కు చూపిస్తే) బ్యాకప్ తేలిక. ఒక్క జాగ్రత్త: -వీ తో ఇచ్చిన దారిలో అక్షరం తప్పితే డాకర్ రూట్ యూజర్ సొత్తుగా ఖాళీ ఫోల్డర్ సృష్టించి ముందుకు పోతుంది. --మౌంట్ తో ఇస్తే ఎర్రర్ చెప్పి ఆగుతుంది.

పాత చోటు నుంచి తరలించేటప్పుడు సర్వీసు నడుస్తుండగానే, మారిన ఫైళ్లను మాత్రమే కాపీ చేసే ఆర్‌సింక్ -ఏహెచ్ఏఎక్స్ ఒకసారి, సర్వీసు ఆపి మళ్లీ ఒకసారి నడిపితే ఆగే సమయం నిమిషాల్లో ఉంటుంది. చివరి ఎక్స్ పాత ఎస్‌ఈలినక్స్ లేబుళ్లను కూడా మోసుకొస్తుంది కాబట్టి రీస్టోర్‌కాన్ మరవకూడదు. పాత దారి నుంచి కొత్తదానికి సిమ్‌లింక్ వేసి వదిలేయడం తాత్కాలికమే. యాప్ఆర్మర్ అనే మరో భద్రతా పొర చూసేది లింక్‌ను కాదు, అది చేరే అసలు దారిని.

తెలుగు పేర్లున్న ఫైళ్లు ఈ తరలింపులోనే మొండికేస్తాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో తెలుగు పేరుకు 255 సంకేతాల దాకా (అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కొక్కటీ ఒక సంకేతం) చోటుంది. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లలో పరిమితి 255 బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతం 3 బైట్లు తింటుంది, కాబట్టి దక్కేది 85 సంకేతాలు. "శ్రీ" ఒక్కటే నాలుగు సంకేతాలు, 12 బైట్లు. విండోస్‌లో చక్కగా ఉన్న పొడుగాటి వీడియో పేరు ఇక్కడ "ఫైల్ నేమ్ టూ లాంగ్" అని ఆగిపోతుంది. పాత మ్యాక్ డిస్కుల నుంచి వచ్చినవాటితో ఇంకో తమాషా: హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఐత్వాన్ని రెండు ముక్కలుగా విడదీసి దాస్తుంది, లినక్స్ పేర్లను బైట్ల వారీగా పోలుస్తుంది. అందువల్ల ఒకే ఫోల్డర్‌లో "కైలాసం" అని రెండు ఫైళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి, ఒక లింక్ పనిచేస్తే ఇంకోటి 404. ఫైల్ పేర్ల ఎన్‌కోడింగ్ మార్చే కాన్వ్‌ఎంవీని, విడిన ముక్కలను కలిపే --ఎన్‌ఎఫ్‌సీ ఆప్షన్‌తో నడిపితే ముందు ఏం మారుస్తుందో చూపిస్తుంది, --నోటెస్ట్ ఇచ్చాకే నిజంగా మారుస్తుంది.